ముందు రిజిస్టర్ కొను, సిమెంట్ తర్వాత

చి. బాబుకి, పెదనాన్న ఆశీస్సులు.

మీ చర్చిలో విచారణ (పారిష్) కౌన్సిల్‌కి సెక్రటరీ అయ్యావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నువ్వు వాట్సాప్‌లో పంపిన కొత్త గుడి, అదే కొత్త చర్చి బొమ్మ చూశాను. రెండు గోపురాలు, సెల్లార్‌లో పార్కింగ్, ఏసీ. బాగుంది. ఇంజనీరుకి ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే మాత్రం ఆపు.

ఈ తొందర మేమూ పడ్డాం. ఇరవై ఏళ్ళ కిందట మా గుడి చందాలకి రసీదు పుస్తకాలు అచ్చు వేయించింది నేనే. ఐదుగురం ఇల్లిల్లూ తిరిగాం. ఒకావిడ కుర్చీలు వేసి, టీ ఇచ్చి, ఐదొందలు తెచ్చి బల్ల మీద పెట్టింది. రసీదు రాయబోతే పేరు గుర్తు రాలేదు, అడిగాను. చెప్పింది. చెప్పి, "మా ఆయన మూడు నెలలు గాంధీ ఆసుపత్రిలో ఉన్నారండీ. అప్పుడు ఒక్కరూ రాలేదు" అంది. కోపంగా కూడా అనలేదు. ఆరేళ్ళుగా మాతోపాటే పూజకి వస్తున్న మనిషి. ఆ టీ ఎలా తాగానో నాకే తెలుసు.

ఆ తర్వాత పిల్లర్లు లేచాయి, డబ్బులైపోయాయి. చువ్వలు నాలుగు వానాకాలాలు తుప్పు పట్టాయి. శిలాఫలకం మీద ఎవరి పేరు పైనుండాలని గొడవపడి రెండు కుటుంబాలు వేరే గుడికి వెళ్ళిపోయాయి. గోడలే లేవు, ఫలకానికి కొట్లాట!

అందుకని ముందు మీ కుటుంబాల పేర్లన్నీ రాయడానికి ఒక లావుపాటి రిజిస్టర్ కొను. మీ దగ్గర గుంటూరు వాళ్ళు, ఖమ్మం వాళ్ళు, తమిళులు, మలయాళీలు అందరూ ఉన్నారు. ఏడింటి తెలుగు పూజవాళ్ళకి తొమ్మిదింటి ఇంగ్లీషు పూజవాళ్ళ ముఖాలే తెలియవు. సగం మంది అద్దె ఇళ్ళలో ఉంటారు, పదకొండు నెలలు తిరిగేసరికి మారిపోతారు. గల్లీల వారీగా ఇరవై, పాతిక ఇళ్ళకి ఒక చిన్న క్రైస్తవ సంఘం పెట్టండి. అక్టోబరులో ఎలాగూ జపమాల మాసం, రోజుకో ఇంట్లో చెప్పించండి. నువ్వూ వెళ్ళు, రసీదు పుస్తకం మాత్రం ఇంట్లో వదిలెయ్. ఎవరికి డయాలసిస్ నడుస్తోంది, ఎవరు అలిగి పూజ మానేశారు, అన్నీ తెలుస్తాయి. అవి రిజిస్టర్‌లో రాయకు, గుర్తు పెట్టుకో.

మెదక్ చర్చిలాంటిది కడదామని మీవాళ్ళు అంటున్నారట. అది మన కేథలిక్కులది కాదు, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళది, అయినా దాని కథ వినిపించు. 1914లో మొదలుపెడితే 1924 క్రిస్మస్‌కి ప్రతిష్ఠ జరిగింది. పదేళ్ళు! కట్టించిన పాస్నెట్ దొర కరువులో జనానికి పని ఇచ్చి అన్నం పెట్టాడు. మీవాళ్ళకి గోపురం ఒక్కటే కనిపిస్తున్నట్టుంది.

రూల్స్ సంగతి ఫాదర్ గారికి తెలుసు, నువ్వూ తెలుసుకో. బిషప్ గారి రాతపూర్వక అనుమతి లేనిదే గుడి కట్టకూడదని 1983 కానన్ లా, అంటే మన కేథలిక్ సభ చట్టం, 1215వ నిబంధన. కట్టడానికే కాదు, కట్టాక ఆరాధన సాగడానికీ వనరులుంటాయో లేదో ఆయన చూడాలి. విచారణకి ఫైనాన్స్ కౌన్సిల్ ఉండి తీరాలని 537 చెబుతుంది. పేరుకి ఉంటే చాలదు. కానుకలు ఇద్దరు కూర్చుని లెక్కపెట్టాలి, నెలనెలా లెక్క నోటీసు బోర్డు మీద అంటించాలి. ఆరు నెలలు అలా అంటిస్తే, తర్వాత నువ్వు అడగకుండానే ఇచ్చేవాళ్ళు కొందరు వస్తారు.

ఇంకోటి. ముందు చిన్న పని ఒకటి కలిసి చేయండి. ఇప్పుడు పూజ జరిగే మీ షెడ్డు వెనక ఆడవాళ్ళకి టాయిలెట్ లేదని మీ పెద్దమ్మ పోయిన ఈస్టర్‌కి వచ్చినప్పటి నుంచీ అంటోంది. అదే కట్టండి. రెండు పూజలవాళ్ళూ చందా వేసుకుని, మేస్త్రీ పక్కన వంతులవారీగా నిలబడండి. ఎవరు మాట నిలబెట్టుకుంటారో, ఎవరు ఫొటో దాకానే ఉంటారో అక్కడే తేలిపోతుంది.

వచ్చే నెల రెండో ఆదివారం ఏడింటి పూజకి వస్తాను. తొమ్మిదింటిదాకా ఉంటాను. రిజిస్టర్ ఎంతవరకు వచ్చిందో చూపించు.

మీ పెదనాన్న