మోకాలికి ఆపరేషన్ అయ్యాక మా తమ్ముడు ఎవరితోనూ మాట్లాడటం లేదు, ఏం చేయాలి?

ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు) ఆపరేషన్ జరిగి నాలుగు నెలలైందని, నొప్పి తగ్గినా మీ తమ్ముడు గది దాటి రావడం లేదని, కబడ్డీ మాటెత్తితే లేచి వెళ్లిపోతున్నాడని రాశారు. ఇది బద్ధకమా, మొండితనమా అని అడిగారు. రెండూ కావు. విశ్వవిద్యాలయ జట్టులో రైడర్‌గా ఉన్నప్పుడు నాకూ అదే లిగమెంటు తెగింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గాయమైన రోజు నుంచి తెల్లవారుజామున లేవడానికి కారణం ఉండదు. కలిసి తిని, కలిసి చెమటోడ్చిన జట్టు దూరమవుతుంది. ఊళ్లో నన్ను ‘కబడ్డీ అమ్మాయి’ అనేవారు. ఆపరేషన్ తర్వాత ‘కాలు ఎలా ఉంది’ అన్న ప్రశ్న తప్ప నాతో ఎవరికీ మరో మాట లేకపోయింది. నా స్థానంలో కూతకు వెళ్తున్న అమ్మాయి బాగా ఆడుతోందని విన్నప్పుడు సంతోషించలేకపోయాను. సంతోషించలేనందుకు సిగ్గుపడ్డాను. ఇలాంటివి ఇంట్లో ఎవరికి చెప్పుకుంటాం? మీ తమ్ముడి మౌనం వెనక కూడా ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

ఈ ఆపరేషన్ తర్వాత పోటీలకు దిగడానికి సాధారణంగా కనీసం తొమ్మిది నెలలు ఆగమంటారు. మనసుకు అంతకంటే ఎక్కువ కాలం పట్టవచ్చు. వైద్యులు ఆడవచ్చని చెప్పాక కూడా, ఎవరైనా చీలమండ పట్టబోతే చాలు, నా కాలు దానంతటదే వెనక్కి వచ్చేసేది. ఆ భయం గురించి ఫిజియోకు దాచకుండా చెప్పమనండి. దాన్ని బట్టి వాళ్లు వ్యాయామాలు మార్చగలరు.

దయచేసి ‘గోపీచంద్ తిరిగి రాలేదా’ అని మాత్రం అనకండి. ఆయన మోకాలి లిగమెంటు తెగింది 1994లో, ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచింది 2001లో. ఆ మధ్యకాలపు ఆపరేషన్లనూ ఓపికనూ వదిలేసి కప్పును మాత్రమే చూపిస్తే, మంచం మీద ఉన్నవాడికి అది ధైర్యం ఇవ్వదు, ఇంకాస్త కుంగదీస్తుంది.

నాకు పనికొచ్చింది మా కోచ్ చేసిన ఏర్పాటు. రోజూ సాయంత్రం కోర్టు పక్కన కూర్చోబెట్టి, ఎదుటి జట్టు రైడర్లు ఏ వైపు నుంచి వస్తున్నారో రాయించేవారు. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత అమ్మాయిలు ఆట మధ్యలో వచ్చి నన్ను సలహా అడగడం మొదలుపెట్టారు. మీ తమ్ముడి కోచ్‌తో ఈ వారమే మాట్లాడి, అలాంటి పని ఏదైనా ఇప్పించండి.

నిద్ర, తిండి బాగా తగ్గినా, ‘నేను దేనికీ పనికిరాను’ లాంటి మాటలు వస్తున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఇది ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అతను చేయనంటే ముందు మీరే చేయండి. చనిపోతానన్న మాట వస్తే ఒంటరిగా వదలకుండా ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. ఇక ‘మళ్లీ ఎప్పుడు ఆడతావు’ అని అడిగే చుట్టాలకు అతని దాకా రానివ్వకుండా మీరే జవాబు చెప్పండి.