టికెట్ మీద ‘ఓన్ రిస్క్’ అని ఉంటే బోటు ఓనరు తప్పించుకోవచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. గత నెల బంధువులొస్తే రుషికొండ దగ్గర ఒక ప్రైవేటు బోటు మాట్లాడుకుని, మంగమారిపేట రాతి తోరణం దాకా ఒడ్డు వెంబడే వెళ్ళి వద్దామని బయల్దేరాం. మనిషికి 400 చొప్పున ఫోన్‌పే చేశాను. ఫొటోలు బాగా వస్తాయని బోటతను రాళ్ళకు మరీ దగ్గరగా తీసుకెళ్ళాడు. కెరటం ఎత్తి బోటును రాయికేసి కొట్టింది. మా అమ్మ మణికట్టు విరిగి ప్లేటు వేశారు. ‘టికెట్ మీద ఓన్ రిస్క్ అని ఉంది, మీ అమ్మగారు లైఫ్ జాకెట్ బకిల్ కూడా పెట్టుకోలేదు’ అంటున్నాడు ఓనరు. 20 వేలు ఇస్తాను, కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. బోటు ఫొటో పంపుతున్నాను. కేసు వేస్తే నిలుస్తుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిలుస్తుందమ్మా. ముందు ఆ టికెట్ సంగతి. డబ్బు తీసుకుని సేవ చేసేవాడు తన నిర్లక్ష్యానికి తానే ముందుగా మాఫీ రాసుకుంటే చెల్లదు. ఢిల్లీలో ఒక హోటల్‌ సిబ్బందికి పార్కింగ్ కోసం తాళాలిచ్చిన కారు పోయింది. చీటీ మీద ‘ఓనర్ రిస్క్’ అని ఉంది. హోటల్ వైపు నిర్లక్ష్యం ఉంటే ఆ ముక్క చూపించి తప్పించుకోలేరని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కారుకే అంత ఉంటే మీ అమ్మగారి చేతికి ఉండదా?

కెరటం మా చేతిలో లేదని రేపు వాదిస్తారు. తుపానైతే వేరే మాట. పోటు మీద రాళ్ళు మునిగిపోయి కనబడవని రోజూ అక్కడ బోటు నడిపేవాడికి తెలియదంటే ఎవరు నమ్ముతారు? బకిల్ మాటకు కాస్త బలం ఉంది, దాని వల్ల పరిహారం కొంత తగ్గించమని అడగొచ్చు. కానీ బకిల్ పెట్టుకున్నా ఆ మణికట్టు విరిగేదే. పైగా అందరివీ చూసుకున్నాకే బోటు కదపాల్సింది అతను.

ఫొటోలో బోటు ముక్కు మీద ‘ఐఎన్‌డీ-ఏపీ’ అని మొదలయ్యే నంబరు ఉంది చూశారా? చేపల వేట బోట్ల మీద ఉండే నంబరు అలాగే ఉంటుంది. వేట బోటులో కిరాయికి జనాన్ని ఎక్కించాడని తేలితే అతని పని కష్టమే. దాన్ని ఏ పనికి రిజిస్టరు చేశారు, ప్రయాణికులను ఎక్కించే అనుమతి ఉందా, ఉంటే ఎంతమందికి? ఈ మూడూ మత్స్య శాఖను, పర్యాటక శాఖను సమాచార హక్కు కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు.

సముద్రంలో జరిగింది, ఏ స్టేషన్‌కి వెళ్ళాలి అన్న టెన్షన్ వద్దు. ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ (తమ పరిధి కాకపోయినా రాసుకునే ఫిర్యాదు) తీసుకోవాలి. భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) బోటును నిర్లక్ష్యంగా నడపడానికి సెక్షన్ 282, ప్రమాదకర స్థితిలో ఉన్న బోటులో కిరాయికి మనుషుల్ని ఎక్కించడానికి 284 ఉన్నాయి. ఎముక విరిగింది కాబట్టి 125(బి) కూడా రాయించండి, దానికి 3 ఏళ్ళ దాకా జైలు.

ఇక డబ్బు. మోటారు యాక్సిడెంట్ ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చుగా అని ఎవరైనా చెబుతారు. బోటు ఆ చట్టంలోకి రాదు. ప్రజా సేవల తగవులు తీర్చే శాశ్వత లోక్ అదాలత్ సంగతి మాత్రం చాలామందికి తెలియదు. నీటి మీద ప్రయాణికుల రవాణా అని దాని చట్టంలోనే ఉంది, కోటి రూపాయల దాకా వింటుంది, రాజీ కుదరకపోతే తానే తీర్పిస్తుంది. అయినా మీ విషయంలో అటు వద్దంటాను. ఎక్కిన చోటే దిగే షికారు ‘రవాణా’ కాదని ఒక అడ్డుపుల్ల వేయొచ్చు. రాజీకి వీల్లేని నేరాల జోలికి అది వెళ్ళకూడదు కాబట్టి ఎఫ్‌ఐఆర్ చూపించి ఇంకొకటి వేస్తారు.

జిల్లా వినియోగదారుల కమిషనే మేలు. మీరుండే ఊళ్ళోనే వేయొచ్చు. మీరు కట్టిన కిరాయి 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ప్రమాదం జరిగిన నాటి నుంచి 2 ఏళ్ళ గడువు. డబ్బు కట్టింది మీరు, దెబ్బ తగిలింది అమ్మగారికి, అందుకని ఇద్దరి పేర్లా వేయండి. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, టికెట్, ఆస్పత్రి బిల్లులు, ఎక్స్‌రేలు జాగ్రత్త చేయండి. ముందు లీగల్ నోటీసు పంపండి.

ఆ 20 వేలు పుచ్చుకోవచ్చు గానీ, ‘వైద్య ఖర్చుల కింద కొంత ముట్టింది’ అని మీరే రసీదు రాసివ్వండి. ‘ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఫిజియోథెరపీ ఎన్నాళ్ళు, ప్లేటు తీయడానికి మళ్ళీ ఆపరేషన్ కావాలా, ఎంతవుతుంది అన్నది డాక్టరు చేత రాయించుకున్నాకే మీ అంకె చెప్పండి.