ముందు స్పీకర్ ఫోన్ ఆపండి

ప్రశ్న: మాది గుంటూరు. అమ్మాయికి ఆరేళ్ల క్రితం పెళ్లి చేశాం. ఇద్దరివీ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, నాలుగేళ్ల బాబు. పురిటికి వచ్చి పది నెలలు మా దగ్గరే ఉంది. మూడు నెలల క్రితం గొడవపడి బాబుతో మా ఇంటికి వచ్చేసింది. కొట్టడం, తాగడం లాంటివి లేవు. అల్లుడు వాళ్లమ్మకు పంపే డబ్బు, నేను రోజూ చేసే ఫోన్లు, వీటి మీదే మాటా మాటా పెరిగింది. పెద్దల్ని కూర్చోబెడితే ఇంకా చెడింది. ఇప్పుడు లాయర్ నోటీసు వచ్చింది, బాబును తీసుకుపోతామంటున్నారు. మావారికి నిద్ర లేదు, బీపీ పెరిగింది. బాబు మళ్లీ పక్క తడుపుతున్నాడు. ఇంత చిన్న విషయాలకే విడాకులా? మేమెలా తట్టుకోవాలి?

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి. మానేసిన అలవాటు నాలుగేళ్ల పిల్లవాడికి మళ్లీ వచ్చిందంటే చాలాసార్లు లోపల భయం ఉంటుంది. తిట్టకండి, నలుగురిలో అనకండి. ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. మీ ఇంట్లో స్పీకర్ పెట్టి మాట్లాడే ప్రతి ఫోనూ వాడు వింటున్నాడు. దాన్ని ఈరోజే ఆపండి. వాళ్ల నాన్న రోజూ ఒకే వేళకు వాడికి వీడియో కాల్ చేసేలా చూడండి. ఆ కాల్‌లో పెద్దల లెక్కలు తేవద్దు.

ఇక మీరడిగిన ప్రశ్న. డబ్బు, ఫోన్లు పైకి కనిపించే కారణాలు. నా దగ్గరికి వచ్చే జంటల్ని విడివిడిగా కూర్చోబెట్టి అడిగితే ఇద్దరూ తరచూ ఒకే మాట చెబుతారు: "ఈ ఇంట్లో నా మాటకు విలువ లేదు." మీరు రాసిన ఆ పది నెలల దగ్గర నేను ఆగిపోయాను. పుట్టింట్లో పురుడు పోయడం మన ఆనవాయితీ, తల్లికి అది నిజంగా ఆసరా. కానీ ఆ పది నెలలూ అతను వారాంతాల్లో వచ్చిపోయే చుట్టం అయిపోయాడేమో. బిడ్డ ఏడుపు, రాత్రి జాగారాలు అమ్మాయి మీతో పంచుకుంది. ఒంటరితనం, ఈఎంఐ టెన్షన్ అతను వాళ్లమ్మతో చెప్పుకున్నాడు. తిరిగి ఒకే ఇంట్లోకి వచ్చేసరికి ఎవరి సలహాదారులు వారికి ఉన్నారు. ఇద్దరూ నేరుగా మాట్లాడుకునే అలవాటే తప్పిపోయి ఉంటుంది. ఇందులో మీ తప్పు వెతకడం లేదమ్మా. ప్రేమతో చేసిన పనే. ఇప్పుడు మాత్రం అల్లుడి గురించి అడిగే ఫోన్లు తగ్గించండి, వియ్యాలవారితో వాదన పూర్తిగా మానేయండి. పదిమంది పెద్దల ముందు పడకగది మాటలు బయటపడ్డాక ఎవరు వెనక్కి తగ్గగలరు?

నోటీసు వచ్చినంత మాత్రాన విడాకులు అయిపోవు. కేసు ఫ్యామిలీ కోర్టుకు వెళ్లినా, 1984 నాటి చట్టం ప్రకారం కోర్టు ముందు రాజీకి ప్రయత్నించాలి. హిందూ వివాహ చట్టం కింద పరస్పర అంగీకారంతో విడిపోవాలన్నా కనీసం ఏడాది విడిగా ఉండాలి. పిటిషన్ వేశాక మామూలుగా ఇంకో ఆరు నెలలు ఆగాలి. తగిన కేసుల్లో ఆ ఆరు నెలలు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని చట్టం చెబుతోంది, ఆ బెదిరింపుకు కంగారుపడకండి. నోటీసుకు జవాబు మాత్రం లాయరుతోనే ఇప్పించండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఉచితంగా లాయరును ఇస్తారు. అమ్మాయి సిగ్గుపడి చెప్పని దెబ్బలేమైనా ఉంటే ఈ సలహా అంతా పక్కనపెట్టి మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. అప్పుడు సర్దుకుపొమ్మని ఎవరన్నా వినొద్దు.

మీవారిని ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. "బయటికెళితే అడుగుతారు" అని ఆయన ఇంట్లోనే ఉండిపోతుంటే, ఇద్దరూ ఒకే జవాబు అనుకోండి: "వాళ్లిద్దరూ ఆలోచించుకుంటున్నారండీ." అంతకుమించి ఎవరికీ వివరం చెప్పనక్కర్లేదు. ఆయన మీతో కూడా మాట్లాడలేకపోతుంటే మనసు బాధలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయమనండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

అమ్మాయి సరేనంటే, వచ్చే ఆదివారం బాబును చూడటానికి అల్లుడిని రమ్మనండి. కాఫీ ఇచ్చి, నోటీసు ఊసెత్తకుండా, మీరిద్దరూ ఓ రెండు గంటలు గుడికో బజారుకో వెళ్లి రండి. తిరిగొచ్చాక ఏం మాట్లాడుకున్నారని అమ్మాయిని అడగొద్దు.