మొదటి ట్రిప్ కంటే ముందే క్లాంప్ వెయ్యి

చి॥ అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

టెక్కలి, పలాస వైపు 33, 132 కేవీ బ్రేకర్ల (ఫాల్ట్ వస్తే లైను కరెంటు తెంపే పెద్ద స్విచ్‌ల) మెయింటెనెన్స్ నీ జట్టుకి వచ్చిందని, ఏయే పరికరాలు కొనాలో రాయమని అడిగావు. అన్నిటికంటే ముందు కొనవలసింది రికార్డింగ్ ఉన్న డీసీ క్లాంప్, అంటే తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే మీటర్. ఎందుకో చెప్తాను.

బ్రేకర్ నెలల తరబడి క్లోజ్‌లోనే ఉండిపోతుంది. ఆ కాలమంతా ట్రిప్ లాచ్ (బ్రేకర్‌ని తెరుచుకోకుండా పట్టి ఉంచే కొక్కెం) దగ్గర, బేరింగుల్లో గ్రీజు గట్టిపడుతూ ఉంటుంది. లైన్ క్లియర్ (ఎల్‌సీ, అంటే పని కోసం లైను ఆపి ఇచ్చే అనుమతి) కోసం ఆపరేటర్ బ్రేకర్‌ని తెరిచే మొదటి ట్రిప్పులోనే ఆ జబ్బు బయటపడుతుంది. రెండు మూడు సార్లు ఆడించేసరికి లాచ్ బిగుతు వదిలి చక్కగా కనిపిస్తుంది. ఎల్‌సీ చేతికొచ్చాక టైమింగ్ కిట్ తగిలించి, 30 మిల్లీ సెకండ్లలో ట్రిప్ అయిందని రాసుకుంటారు. ఫాల్ట్ వచ్చిన రోజున అదే బ్రేకర్ అంత వేగంగా తెరుచుకోదు.

అందుకని ట్రిప్ చెయ్యకముందే కంట్రోల్ క్యూబికల్‌లో ట్రిప్ కాయిల్ (లాచ్‌ని వదిలించే కాయిల్) తీగ చుట్టూ క్లాంప్ వేసి, రికార్డింగ్ పెట్టి, అప్పుడు ఆపరేటర్‌కి చెప్పు. ఏ తీగా విప్పక్కర్లేదు. సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) సెకండరీ మీద కూడా మూడు ఫేజులకీ క్లాంపులు వేస్తే ఏ పోల్ (బ్రేకర్‌లో ఒక్కో ఫేజు భాగం) ఎప్పుడు కరెంటు తెంపిందో దొరుకుతుంది. కానీ సీటీ తీగని మాత్రం లోడ్ మీద ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు, ప్రాణాంతకమైన వోల్టేజి పుడుతుంది.

కాయిల్ కరెంటు గీతని దగ్గరగా చూడు. మొదట ఎగబాకుతుంది. ప్లంజర్ (కాయిల్ లోపలి ఇనుప కడ్డీ) కదలగానే చిన్న పల్లం పడుతుంది. మళ్లీ పెరిగి, బ్రేకర్‌తోపాటు కదిలే ఆగ్జిలరీ కాంటాక్ట్ విడిపోగానే సున్నాకి పడిపోతుంది. పల్లం ఆలస్యంగా వస్తే ప్లంజర్ బిగుసుకుందన్నమాట, లేదా డీసీ తక్కువగా అందుతోంది. పల్లం సరైన వేళకే వచ్చి చివరి కోత ఆలస్యమైతే లాచ్‌ని, మెకానిజాన్ని, ఆగ్జిలరీ స్విచ్ లింకేజీని చూడాలి. ఆ గీతని బ్రేకర్ సీరియల్ నంబరు వేసి దాచు. వచ్చే ఏడాది దీంతోనే పోల్చాలి.

ఇక ఎల్‌సీ వచ్చాక. ఐసోలేటర్లు (లైను నుంచి బ్రేకర్‌ని విడదీసే స్విచ్‌లు) తెరిచి, వోల్టేజి డిటెక్టర్‌తో చూసి, ఎర్త్ స్విచ్‌లు వేసి, నీ చేత్తో ఎర్త్ రాడ్లు తగిలించు. పక్క బే (పక్క లైను పరికరాల వరస) ఛార్జిలో ఉంటే ఇండక్షన్ తప్పదు. మెకానిజం బాక్సులో చెయ్యి పెట్టే ముందు బ్రేకర్‌ని ఆడించే స్ప్రింగులు ఖాళీ చెయ్యాలి. ముందుగా మోటారు ఎంసీబీ ఆపు. ఆపకపోతే క్లోజ్ అయిన వెంటనే స్ప్రింగు మళ్లీ ఛార్జి అయిపోతుంది. తర్వాత క్లోజ్, ట్రిప్ చేసి, రెండు స్ప్రింగులూ ఖాళీ అయ్యాయని ఇండికేటర్ మీద కళ్లారా చూసుకో. డీసీ ఆ తర్వాత తీసెయ్యి. ఛార్జింగ్ హ్యాండిల్‌ని సాకెట్లో వదిలెయ్యకు.

కాంటాక్ట్ రెసిస్టెన్స్ మీటర్ 100 ఆంపియర్ల డీసీ ఇచ్చేది కొను. 50 కంటే తక్కువ ఇచ్చేది చవగ్గా వచ్చినా వద్దు. కరెంటు క్లిప్పులు బయటికి, వోల్టేజి క్లిప్పులు వాటి లోపలికి, బ్రేకర్ టెర్మినల్ ప్యాడ్ లోహం మీదే పడాలి. రెండు క్లిప్పులూ ఒకే చోట కరిపిస్తే క్లిప్పు కింద ఉన్న మురికిని కూడా కొలిచేస్తావు. రెండు వైపులా ఎర్త్ ఉంటే కరెంటు కొంత నేల దారిన పోయి రీడింగ్ తప్పుగా తక్కువొస్తుంది. పర్మిట్ ఇచ్చినవారికి చెప్పి, కొలిచేంతసేపు ఒక వైపు ఎర్త్ మాత్రమే తీయించు, రెండోది ఉండాల్సిందే. సీటీ ఈ దారిలో పడకుండా చూడు, కోర్ మాగ్నెటైజ్ అవుతుంది.

100 ఆంపియర్లకి 4.2 మిల్లీ వోల్టులు వస్తే 42 మైక్రో ఓమ్‌లు. 800 ఆంపియర్ల లోడ్‌లో అక్కడ పుట్టే వేడి సుమారు 27 వాట్లు. అదే 300 మైక్రో ఓమ్‌లైతే 192 వాట్లు, దాదాపు రెండు వంద వాట్ల బల్బుల్ని కాంటాక్టు దగ్గర వెలిగించినట్టు. ఫ్యాక్టరీ రిపోర్టులోని అంకె పక్కన పెట్టుకుని చూడు. మూడు పోల్స్‌లో ఒక్కటే పెరిగితే ముందు క్లిప్పులు మార్చి మళ్లీ కొలువు, అప్పటికీ అంతే ఉంటే బోల్టు జాయింట్లు విడివిడిగా కొలువు. చాలాసార్లు తప్పు లోపలి కాంటాక్టులో ఉండదు, ప్యాడ్ జాయింట్లోనే దొరుకుతుంది.

టైమింగ్ కిట్‌లో మూడు పోల్స్ మధ్య తేడా చూసుకో. 50 హెర్ట్‌జ్‌కి క్లోజింగ్‌లో 5, ఓపెనింగ్‌లో 3.3 మిల్లీ సెకండ్లు దాటకూడదు. దీంతోపాటు మార్చుకోగల డీసీ సప్లై ఒకటి తప్పనిసరి. ట్రిప్ కాయిల్ 70 శాతానికి, క్లోజ్ కాయిల్ 85 శాతానికి పని చెయ్యాలి. 110 వోల్టుల స్టేషన్ బ్యాటరీ అయితే 77, 93.5 వోల్టులన్నమాట. బ్యాటరీ నీరసించిన రాత్రే ఫాల్ట్ వస్తుంది కాబట్టి ఈ పరీక్ష విడిచిపెట్టకు.

33 కేవీ వ్యాక్యూమ్ బ్రేకర్లకి 5 కేవీ మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) గిగా ఓమ్‌లు చూపించిందని వ్యాక్యూమ్ బాగుందనుకోకు. బాటిల్‌లోకి (కాంటాక్టులుండే వ్యాక్యూమ్ గొట్టంలోకి) గాలి చొరబడ్డా ఆ గ్యాప్ 5 కేవీని తట్టుకుంటుంది. తెరిచిన కాంటాక్టుల మధ్య ఏసీ హైపాట్ (ఎక్కువ వోల్టేజి పెట్టి తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) చెయ్యాలి. కొత్త 33 కేవీ బ్రేకర్ తట్టుకోవలసింది 70 కేవీ, 11 కేవీది 28. వాడుకలో ఉన్నవాటికి అందులో 80 శాతం పెట్టడం మామూలు, అంటే 56, 22.4. మాన్యువల్ వేరే అంకె చెప్తే అదే పాటించు. పరీక్షలో ఎక్స్‌రేలు పుట్టవచ్చు, అందరినీ కనీసం 3 మీటర్లు దూరంగా నిలబెట్టు.

ఎస్‌ఎఫ్6 (సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ గ్యాస్ నింపిన) బ్రేకర్లకి డ్యూ పాయింట్ మీటర్ (గ్యాస్‌లో తేమ కొలిచేది), ప్యూరిటీ మీటర్, లీక్ డిటెక్టర్, గ్యాస్ కార్ట్ (గ్యాస్ లాగి మళ్లీ నింపే బండి) కావాలి. నాలుగూ ఖరీదే. జట్టు చిన్నదైతే కార్ట్ అద్దెకి తెచ్చుకో, డ్యూ పాయింట్ మీటర్ మాత్రం సొంతది ఉండాలి. దానికి రబ్బరు గొట్టం వాడకు, రబ్బరు తేమ పట్టి ఉంచుతుంది. టెఫ్లాన్ గానీ స్టీలు గానీ వేసి, కొంచెంసేపు గ్యాస్ పారనిచ్చి కొలువు. ఏ ప్రెషర్ దగ్గర కొలిచావో రాయకపోతే ఆ రీడింగ్ ఎందుకూ పనికిరాదు. గ్యాస్ గాలిలోకి వదలకు. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కి సుమారు 24 వేల రెట్లు. గాలికంటే అయిదు రెట్లు బరువు కాబట్టి కేబుల్ ట్రెంచిలో నిలిచి ఊపిరి ఆడనివ్వదు. ఛాంబర్ విప్పితే కనిపించే తెల్ల పొడిని గ్లవ్స్, మాస్క్ లేకుండా తాకకు.

చేతి పనిముట్లలో టార్క్ రెంచి ముఖ్యం. పని అయ్యాక స్ప్రింగుని కనిష్ఠానికి తిప్పి దాచు, ఏటా క్యాలిబ్రేట్ చేయించు. వెండిపూత కాంటాక్టులకి ఎమెరీ కాగితం తగలకూడదు, పూతే పోతుంది. లాచ్‌కి తుప్పు వదిలించే స్ప్రే కొట్టడం అలవాటు చేసుకోకు. ఆ రోజుకి నూనెలా జారినా పాత గ్రీజుని కడిగేస్తుంది, ఆర్నెల్లకి పొడిబారిపోతుంది. మాన్యువల్ చెప్పిన గ్రీజే వాడు, రెండు రకాలు కలపకు.

భావనపాడు, బారువ లాంటి తీరం దగ్గరి యార్డుల్లో ఉప్పుగాలి తుప్పు తొందరగా తెస్తుంది. మెకానిజం బాక్సు తెరవగానే హీటర్ వెచ్చగా ఉందో లేదో, తలుపు రబ్బరు నొక్కుకుంటోందో లేదో చూడు. కేబుల్ గ్లాండు సందులోంచి బల్లులు, కందిరీగలు వస్తాయి, సీలింగ్ కాంపౌండ్ డబ్బా సంచిలో ఉండాలి. గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్స్ లోడ్ మీదుండే బ్రేకర్లకి మాత్రం క్యాలెండర్ కంటే కౌంటర్ (ఎన్నిసార్లు ఆడిందో చూపే అంకె) చూడు, అవి రోజుకి ఎన్నోసార్లు ఆడొచ్చు.

ఎర్త్ తీసి ఎల్‌సీ వాపసు ఇచ్చే ముందు పనిముట్ల పెట్టె తెరిచి, లోపలికి తెచ్చిన స్పానర్లు, క్లిప్పులు, గుడ్డ ముక్కలు లెక్కపెట్టు. ఒక్కటి తక్కువైనా అది దొరికేదాకా సంతకం పెట్టకు.

ఉంటాను,
మావయ్య