పుచ్చుకున్న చేతులతోనే ఇస్తాం

నాన్నా,

ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి, జీతంలోంచి దేవుడి పేరున ఇచ్చే విషయం నిన్ను కుదురుగా ఉండనివ్వడం లేదని నీ మెసేజ్ చదివితే అర్థమైంది. ఎంత ఇవ్వాలి, ఎవరికివ్వాలి, ఇవ్వకపోతే దేవుడికి కోపం వస్తుందా అని అడిగావు. ఆ చివరి ప్రశ్న దగ్గరే నేను ఆగిపోయాను. భయంతో కట్టేది జరిమానా, దాన్ని కానుక అనరు. ముందు ఆ భయం వదిలించుకో, లెక్కల సంగతి తర్వాత చూద్దాం.

మన దేవుడు ముందు ఇచ్చాడు. ఎండా వానా మంచివాళ్లకీ చెడ్డవాళ్లకీ ఒకేలా ఇస్తాడని యేసే చెప్పాడు. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం తొలి సంఘాలకి పత్రికలు, అంటే ఉత్తరాలు, రాసిన పౌలు కొరింథు సంఘాన్ని చందా అడిగాడు కదా, బైబిల్లో ఆ సంఘానికి రాసిన రెండో పత్రిక 8, 9 అధ్యాయాలు ఈ వారం నిదానంగా చదువు, పదో వంతు తియ్యండి అని అక్కడ ఎక్కడా లేదు. ధనవంతుడైన క్రీస్తు మీ కోసం దరిద్రుడయ్యాడు, ఆ కృప మీకు తెలుసు కదా అని గుర్తుచేశాడు. మాసిదోనియ ప్రాంతపు సంఘాల వాళ్లయితే కటిక పేదరికంలో ఉండి కూడా, మమ్మల్నీ ఇవ్వనివ్వండి అని బతిమాలారట.

మీ పెదనాన్న ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో, వరండాలో బెంచీ మీద నేనొక్కదాన్నే కూర్చుని ఉంటే సంఘంలో ఒక పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడకే రోజు గడవడం కష్టం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లేచేటప్పుడు ఒక చేతిరుమాలు నా గుప్పిట్లో పెట్టి, నా వేళ్లు తనే మూసేసింది. ముడి విప్పితే నాలుగు మడతలు పెట్టిన నోట్లు, చెమటకి మెత్తబడిపోయి ఉన్నాయి. వద్దమ్మా అంటే, "నాది కాదులే తల్లీ, ఆయన నాకిచ్చిందేగా" అంది. దేవాలయానికి కానుకలు పోగైనప్పుడు దావీదు రాజు చేసిన ప్రార్థన కూడా ఇదే, నీ చేతిలోంచి వచ్చిందే నీకిచ్చాం అని.

నేను మాత్రం తర్వాత ఒక తప్పు చేశాను. ఒక పిల్లాడి ఫీజు కట్టి, నలుగురికీ ప్రోత్సాహంగా ఉంటుందని ఆదివారం ఆరాధనలో ఆ తండ్రిని అందరి ముందూ నిలబెట్టి సాక్ష్యం చెప్పించాను. ఆయన తల ఎత్తలేదు, చొక్కా గుండీ తిప్పుతూనే ఉన్నాడు. ఆ తర్వాత వాళ్లు రావడమే మానేశారు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనివ్వద్దని ప్రభువు ఎందుకన్నాడో నాకప్పుడు తెలిసింది, ఆలస్యంగా. ఎవరికైనా ఇచ్చేటప్పుడు వాళ్ల మొహం చూడు నాన్నా, అది చిన్నబోతుంటే నువ్వు ఇచ్చే పద్ధతి మార్చుకో.

ఇక లెక్కలు. జీతం పడిన రోజే పక్కన తీసిపెట్టు, మిగిలితే ఇద్దాం అనుకుంటే ఏ నెలా మిగలదు. పౌలు కూడా ప్రతి ఆదివారం వచ్చినదాన్ని బట్టి కొంత తీసి ఉంచమన్నాడు. దశమభాగంతో, అంటే వచ్చినదాంట్లో పదో వంతుతో, మొదలుపెడతానంటే సంతోషమే. అప్పు చేసి మాత్రం ఇవ్వకు, లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే ఆ కానుక ప్రీతికరం అని పౌలే రాశాడు. ఒకటి ఇస్తే పదింతలు తిరిగొస్తుందని ఎవరైనా చెబితే వినకు, అది వ్యాపారం. నలుగురి డబ్బు నీ చేతికొస్తే ఇంకొకర్ని పక్కన పెట్టుకుని లెక్క రాయి. పౌలంతటివాడు ఆ చందా విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని తన తోటి సేవకుడు తీతుతో పాటు ఇంకొందరు సహోదరుల్ని పంపాడు.

డబ్బొక్కటే కాదు. పొలం అంచుల దాకా కోయొద్దు, పేదలకీ పరదేశులకీ కొంత వదలండి అని బైబిల్లోని ధర్మశాస్త్రంలో ఉంది, రూతు అనే పేద విధవరాలు పరిగె ఏరుకుని బతికింది ఆ వదిలిన దాంట్లోనే. నీ రోజుకీ అలాంటి అంచు ఒకటి ఉంచుకో. ప్రతి గంటా పనితో నింపేస్తే, టెన్షన్‌లో ఉన్నవాడు వచ్చి తలుపు కొట్టినా కూర్చోబెట్టి వినే తీరిక ఉండదు.

రూమ్మేట్ ఉద్యోగం పోయింది, అద్దె కట్టలేకపోతున్నాడు అని రాశావు కదా. ఈ నెల తీసిపెట్టింది అతనికివ్వు, అప్పుగా రాసుకోకు. మన విశ్వాసం కాదే అని సందేహపడ్డావు, ఎండా వానా మాట పైన చెప్పాను. ఇచ్చాక అతను ఏమన్నాడో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

నీ పెద్దమ్మ