గిఫ్టు డీడు ఇచ్చిన నాన్న ఇల్లు వెనక్కి తీసుకుంటానంటున్నారు, కుదురుతుందా?

ప్రశ్న: మాది తెనాలి. నాన్నగారు రిటైర్డ్ టీచర్, 68 ఏళ్లు. 2021లో తన పేరున ఉన్న ఇల్లు నాకు గిఫ్టు డీడుగా రిజిస్టరు చేశారు. తర్వాత నేను బ్యాంకు లోన్‌తో పై అంతస్తు వేశాను, ఈఎంఐ నేనే కడుతున్నాను. నాది ఇంటి నుంచే అమెరికా కంపెనీకి నైట్ షిఫ్టు. పదకొండింటి దాకా పడుకుంటే "ఈ తరం వాళ్లకి ఒళ్లు వంగదు, ఫోను తప్ప మనిషి అక్కర్లేదు" అని వచ్చినవాళ్లందరి ముందూ అంటారు. ఆయన తరానికి నెల తిరిగేసరికి పెన్షన్ పడుతుంది, మాకు రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు, అది ఆయనకి పట్టదు. ఆర్నెల్లుగా మాటల్లేవు, మెస్ నుంచి క్యారియర్ తెప్పించుకుని తింటున్నారు. వంతుల ప్రకారం నానమ్మ కూడా ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఆర్డీవో ఆఫీసులో కేసు వేసి ఇల్లు వెనక్కి తీసుకుంటానని, నన్నూ నా భార్యనూ బయటికి పంపి జైల్లో పెట్టిస్తానని అంటున్నారు. అలా చేయగలరా? స్థలం మా తాతగారిది, నాకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది కదా?

జవాబు: మీ ఉత్తరంలో సగం తరాల గొడవే, దాంతో ఆర్డీవో నడిపే ట్రైబ్యునల్‌కి పని లేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం మొత్తం తిరగేసినా పదకొండింటి దాకా పడుకోవడం తప్పని ఎక్కడా ఉండదు, పెన్షన్ తీసుకోవడం తప్పని కూడా ఉండదు. నన్ను ఆపింది మీరు మామూలుగా రాసేసిన ఇంకో మాట. క్యారియర్. ఇల్లు రాయించుకున్న కొడుకు అదే ఇంట్లో ఉండగా, రాసిచ్చిన తండ్రి ఆర్నెల్లుగా మెస్ భోజనం తింటున్నారన్నది రేపు ఆర్డీవో ముందు మీకు వ్యతిరేకంగా నిలబడే మొదటి విషయం, మిగతావన్నీ దాని తర్వాతే.

ఎందుకంటే మీ నాన్నగారు వాడేది 23వ సెక్షన్. అరవై దాటిన వ్యక్తి తన ఆస్తిని గిఫ్టుగా గానీ మరో విధంగా గానీ రాసిచ్చినప్పుడు, తీసుకున్నవాళ్లు తన కనీస సౌకర్యాలు, శారీరక అవసరాలు చూడాలన్న షరతు ఉండి, వాళ్లు చూడకపోతే, ఆ బదిలీ మోసంతోనో ఒత్తిడితోనో జరిగినట్టు లెక్కేసి, ఆయన కోరితే చెల్లదని ట్రైబ్యునల్ ప్రకటించవచ్చు. సబ్ రిజిస్ట్రారు దగ్గరికి ఆయన ఒక్కరే వెళ్లి రద్దు దస్తావేజు రాయించుకుంటే పని అయిపోదు, గిఫ్టు అంత తేలిగ్గా వెనక్కి రాదు. కానీ ఈ దారి మాత్రం నిజంగానే ఉంది, ఉత్త బెదిరింపు అనుకోకండి.

అంతా "షరతు" దగ్గరే తేలుతుంది. 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు, షరతు ఉన్నట్టు చూపించకుండా 23 కింద బదిలీని రద్దు చేయడం కుదరదంది. ఆ తీర్పు చూసి ఊపిరి పీల్చుకునే కొడుకులు చాలామంది ఉన్నారు, కాస్త ఆగాలి. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు ఈ చట్టాన్ని వృద్ధుల వైపు నుంచి ఉదారంగా చదవాలంది, గిఫ్టు డీడు రద్దుచేసి ఇల్లు తల్లికి అప్పగించమంది. అక్కడ కొడుకు, చివరిదాకా చూసుకుంటానని, చూడకపోతే వెనక్కి తీసుకోవచ్చని విడిగా ఒక కాగితం రాసిచ్చాడు, అదే అతన్ని ముంచింది. ఇక మద్రాస్ హైకోర్టు 2025 మార్చిలో ఇంకో అడుగు వేసి, ప్రేమాభిమానాలతో ఇచ్చానని రాస్తే అందులోనే చూసుకోవాలన్న షరతు ఇమిడి ఉందంది. మద్రాసు తీర్పు మన ఆర్డీవోని కట్టి పడేయదు, కానీ మీ నాన్నగారు దాన్ని చూపించకుండా ఉండరు. కాబట్టి మీరు ముందు చేయాల్సిన పని ఆ డీడు తీసి చదవడం. మన వైపు డాక్యుమెంట్ రైటర్లు ఏ గిఫ్టు డీడులోనైనా "నా యందు భక్తిశ్రద్ధలతో నా యోగక్షేమములు చూచుచున్నందున" తరహా వాక్యం అలవాటుగా వేసేస్తారు, సంతకం పెట్టేవాళ్లు చదవరు, పుచ్చుకునేవాళ్లు అసలే చదవరు. జీవితకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు ఆయనకే అట్టిపెట్టుకున్నారేమో కూడా చూడండి. అలా ఉంటే కేసు గెలిచినా ఓడినా ఆయన్ని ఆ ఇంట్లోంచి కదిలించే మాటే లేదు.

"ఆయనకి పెన్షన్ వస్తుంది కదా" అన్న మీ వాదన ఒక చోట పనికొస్తుంది, ఇంకో చోట పనికిరాదు. నెలనెలా పోషణ డబ్బు ఇప్పించమని అడిగితే (4వ సెక్షన్, గరిష్ఠంగా నెలకి 10,000 రూపాయలు) తన సంపాదనతో, ఆస్తితో బతకలేని స్థితి చూపించాలి, పెన్షన్ ఉన్న మాస్టారికి అది కష్టం. కానీ 23వ సెక్షన్‌కి ఆ ప్రశ్నే లేదు. డబ్బున్నవాడైనా, ఇల్లు ఇచ్చి ఒక మాట పుచ్చుకున్నాడు, ఆ మాట నిలిచిందా లేదా, అంతే. అన్నట్టు పెన్షన్ మీద మీ ఉక్రోషం నాకు అర్థమవుతుంది గానీ, 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన రాష్ట్ర ఉద్యోగులకు పాత పెన్షన్ తీసేసి సీపీఎస్ (ఉద్యోగి జీతంలోంచి కూడా వాటా కట్టే పెన్షన్ పథకం) పెట్టింది ప్రభుత్వం, ప్రైవేటు ఉద్యోగానికి భద్రత లేకుండా చేసిందీ ఆయన కాదు. అలాగే అమెరికాలో ఎప్పుడు తెల్లవారాలో నిర్ణయించేది మీరు కాదని ఆయనకి ఎవరైనా ఒకసారి చెప్పాలి. మీరు చెబితే వినరు, ఆయనతో పనిచేసిన పాత మాస్టారెవరైనా చెబితే వినొచ్చు.

నానమ్మ సంగతి మీ ఇంట్లో ఎవరికీ తట్టినట్టు లేదు. ఈ చట్టంలో "పిల్లలు" అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు, మేజర్లైతే చాలు. అంటే 68 ఏళ్ల మీ నాన్నగారు ఒకవైపు వయోవృద్ధుడు, ఇంకోవైపు తన తల్లికి బాధ్యత పడ్డ కొడుకు. ఆవిడని నాలుగు నెలలు ఇక్కడ, నాలుగు నెలలు అక్కడ తిప్పుతూ, వంతు మారే రోజున బస్సెక్కించి పంపిన అన్నదమ్ముల తరమే ఇవాళ "ఈ తరం పిల్లలు చూడరు" అంటోంది, మా ఆఫీసుకి వచ్చే కుటుంబాల్లో ఇది చూసీ చూసీ నాకు నవ్వు రావడం కూడా మానేసింది. ఆవిడ అర్జీ పెడితే మీ నాన్నగారూ, బాబాయిలూ, మీరూ కూడా ప్రతివాదులు కావచ్చు. ఇది చదివి ఆవిడ చేత వేలిముద్ర వేయించి నాన్న మీద కేసు పెట్టించే తెలివితేటలకి మాత్రం పోకండి. ఎందుకొచ్చిందో ఆర్డీవోకి ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. మీకు తోబుట్టువులుంటే, పోషణ అర్జీ మీ ఒక్కరి మీదే పడినప్పుడు వాళ్లనీ చేర్చమని మీరు అడగవచ్చు, పెళ్లై వెళ్లిన అక్కచెల్లెళ్లకి మినహాయింపు లేదు.

తాతగారి స్థలం వాదన గురించి. దయచేసి అది ఎక్కడా ఎత్తకండి. తాతగారు పోయాక 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ నాన్నగారికి వారసత్వంగా వచ్చిన వాటా ఆయన సొంతం, అందులో మీకు పుట్టుకతో ఏ హక్కూ లేదు. అలా కాకుండా ఉమ్మడి కుటుంబ పంపకంలో వచ్చిన పిత్రార్జితమని మీరు నిరూపించారనుకోండి, అప్పుడు మొత్తం ఇల్లు మీకు ఒక్కరికే గిఫ్టు ఇచ్చే అధికారం ఆయనకి లేదని మీరే ఒప్పుకున్నట్టు, అక్కచెల్లెళ్లుంటే వాళ్లు కూడా సమాన వాటా అడుగుతారు. కూర్చున్న కొమ్మనే నరుక్కోవడం అంటారే, ఇదే.

జైలు మాట వదిలేయండి. 24వ సెక్షన్‌లో మూడు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా ఉన్నమాట నిజమే గానీ, అది వృద్ధుల్ని పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడో వదిలేసి వెళ్లినవాళ్లకి. ఒకే కప్పు కింద ఉంటూ మాట్లాడుకోకపోవడం దాని కిందికి రాదు.

బయటికి పంపడం మాత్రం అలా కాదు. ఖాళీ చేయించమని ఆదేశించే అధికారం ట్రైబ్యునల్‌కి ఉంది, అయితే ప్రతి కేసులోనూ ఖాళీ చేయించి తీరాలనేమీ లేదని 2025 మార్చిలో సంతోలా దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ భార్య విషయం వేరు. గృహహింస చట్టం కింద ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకు విడిగా ఉండవచ్చు, దాన్ని ఈ వృద్ధుల చట్టం అడ్డం పెట్టుకుని తేలిగ్గా కొట్టేయకూడదని 2020లో ఎస్.వనిత కేసులో తేలింది. అలాగని ఆమెను ముందు నిలబెట్టి మీరు వెనక దాక్కునే వ్యూహం వద్దు, ఆ ఎత్తు అధికారులు చాలాసార్లు చూసినదే. పై అంతస్తు మీద పెట్టిన డబ్బుకి, ఇల్లు నాదేనని నిజంగా నమ్మి కట్టానని చెప్పి ఆస్తి బదలాయింపు చట్టం 51వ సెక్షన్ కింద పరిహారం అడిగే వీలుంది, అది సివిల్ కోర్టు పని, ఏళ్లు పడుతుంది. లోన్ స్టేట్‌మెంట్లు, మేస్త్రీకి ఇచ్చిన రసీదులు ఇప్పుడే ఒక చోట పెట్టండి.

నోటీసు వస్తే తప్పించుకోవద్దు. మీరు రాకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే మీ మాట వినకుండానే తేల్చేస్తారు, ఆ తర్వాత 60 రోజుల్లో కలెక్టరు దగ్గర అప్పీలన్నది చట్టం వృద్ధులకీ తల్లిదండ్రులకే రాసింది, పిల్లలకి ఉందా లేదా అన్నదాని మీద హైకోర్టులది ఒక్క మాట కాదు. చట్టం 17వ సెక్షన్ ప్రకారం అక్కడ వకీళ్లకు ప్రవేశం లేదు (కేరళ హైకోర్టు 2021లో ఆ అడ్డంకి చెల్లదంది, మన దగ్గర మాత్రం మీరే మాట్లాడాల్సి వస్తుందనే అనుకోండి). అక్కడ నిలబడి "ఆయన నన్ను అందరి ముందూ ఇలా అన్నారు" అని మొదలుపెడితే ఓడిపోయినట్టే. మందులు ఎవరు కొంటున్నారు, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు, కిందటిసారి ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లారు, వీటికి కాగితాలు చూపించండి. కోపంలో "మీ తరం వల్లే" అంటూ ఆయనకి పంపిన వాట్సాప్ మెసేజీలుంటే ప్రింటై ఫైల్లో ఉంటాయని అనుకోండి, ఇవాళ్టి నుంచి అలాంటివి పంపకండి.

కేసు పడకముందే మండల న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ కింద ఇద్దరూ కూర్చోవచ్చు, ఫీజు లేదు, 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. అక్కడ అడగాల్సింది క్షమాపణలు కాదు. కింది అంతస్తు జీవితాంతం ఆయనదేనని మీరు రాసివ్వండి, పొద్దున పదకొండు దాకా మీ గది తలుపు తట్టకూడదని, వచ్చినవాళ్ల ముందు మీ ప్రస్తావన తేకూడదని ఆయన్ని ఒప్పుకోమనండి, నానమ్మ మందుల ఖర్చు ఎవరెవరు ఎంత పెట్టాలో అంకెలతో రాయించండి. ఆ క్యారియర్ సంగతికి మాత్రం ప్రీ లిటిగేషన్ దాకా ఆగకండి, రేపు మధ్యాహ్నం భోజనానికే పిలవండి, రానంటే రెండు రోజులాగి మళ్లీ పిలవండి.