ఇడిటరాడ్‌లో మషర్లు మధ్యలో ఎందుకు తప్పుకుంటారు? అది ఓటమేనా?

ప్రశ్న వేసినవారు కింద ఇంకో మాట కూడా రాశారు: "ఏడాదంతా కుక్కలకు తర్ఫీదిచ్చి, అంత డబ్బు పోసి, ఏడెనిమిది వందల మైళ్ళు వెళ్ళాక మానేయడం పిరికితనం కాదా?" నేను జవాబు రాయడానికి కారణం ఆ పిరికితనం అన్న మాటే.

తెలియనివాళ్ళ కోసం: ఇడిటరాడ్ అంటే అలాస్కాలో ఆంకరేజ్ వైపు నుంచి నోమ్ ఊరి దాకా వెయ్యి మైళ్ళు కుక్కలు స్లెడ్ (మంచు మీద జారే బండి) లాగే పందెం. ఆ జట్టును నడిపే మనిషే మషర్. నేను ఆంకరేజ్‌లో ఉంటాను. మార్చి వస్తే సెలవు పెట్టి ఇడిటరాడ్ చెక్‌పాయింట్లలో వాలంటీరుగా పనిచేస్తాను. ఏ జట్టు ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని కుక్కలతో వచ్చింది, ఎన్నింటితో వెళ్ళింది అన్నది రాసుకుని పైకి పంపడం నా పని. అక్కడే, కాగితం మీద సంతకం పెట్టి పందెం వదులుకున్నవాళ్ళను దగ్గరగా చూశాను. వాళ్ళలో ఒక్క పిరికివాడూ నాకు కనపడలేదు.

ఒక రాత్రి సంగతి చెప్తాను. ఊరు ఉనలక్లీట్. యూకాన్ నదిని కల్టాగ్ దగ్గర వదిలేసి 85 మైళ్ళు అడ్డంగా వస్తే బేరింగ్ సముద్రపు ఒడ్డున తగిలే మొదటి ఊరు ఇది. అక్కడికి వచ్చేదాకా చెట్ల చాటు ఉంటుంది. అక్కడి నుంచి నోమ్ దాకా గాలిదే రాజ్యం. ఆ రాత్రి మైనస్ 20 ఫారెన్‌హీట్. నోట్లోంచి ఆవిరి వచ్చి కండువా మీద గట్టిపడిపోయేది.

అర్ధరాత్రి దాటాక ఒక పెద్దాయన వచ్చాడు. పేరు చెప్పను. 16 కుక్కలతో బయలుదేరినవాడికి 8 మిగిలాయి. మిగతావాటిని దారిలో ఒక్కో చెక్‌పాయింట్‌లో వెటర్నరీ డాక్టర్లకు అప్పగించి వచ్చాడు. అది మామూలే. నోమ్‌లో గీత దాటేటప్పటికి 5 కుక్కలు తాడులో ఉంటే చాలు, కాబట్టి నిబంధన ప్రకారం ఆయనకు అడ్డేమీ లేదు. గడ్డి పరిచి కుక్కల్ని పడుకోబెట్టాడు, కుక్కర్‌లో మంచు కరిగించి నీళ్ళు కాచాడు, మాంసం కలిపి పెట్టాడు. డాక్టర్లు వచ్చి గుండెలూ పాదాలూ చూసి అంతా బాగుందన్నారు. ఏడు కుక్కలు గిన్నెలు నాకేశాయి. ముందు నడిచే ఆడకుక్క మాత్రం గిన్నె వాసన చూసి తల తిప్పేసుకుంది. ఆయన దాని పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో ఒక్కో ముక్కా పెట్టి చూశాడు. తినలేదు.

ఇక్కడ పాతకాపులు కొత్తవాళ్ళకు చెప్పే మాట ఒకటుంది: ముందు తిను, పడుకో, లేచాక కూడా మానేయాలనిపిస్తే అప్పుడు సంతకం పెట్టు. ఆయన అదే చేశాడు. వేడి సూప్ తాగి మూడు గంటలు పడుకున్నాడు. లేచి ఎనిమిది కుక్కలకూ బూటీలు, అంటే పాదాలకు వేసే గుడ్డ తొడుగులు, తొడిగాడు. కాలికొకటి చొప్పున 32. స్లెడ్ కదలకుండా మంచులో దిగేసే కొక్కెం, స్నో హుక్, పీకి, హైక్ (పదండి) అన్నాడు. కుక్కలు లేచాయి, కదిలాయి. నేను వెళ్ళిన టైము రాసుకున్నాను.

ముప్పావు గంట తర్వాత ఊరి చివర్నుంచి ఒక తలదీపం వెనక్కి వస్తూ కనపడింది. ఆయన స్లెడ్ మీద లేడు. ముందు కుక్క పట్టెడ పట్టుకుని నడుస్తూ వస్తున్నాడు. వెనక ఏడు కుక్కలూ తోకలు దించుకుని నిదానంగా వస్తున్నాయి. గాలి మొహానికి కొట్టిన చోట అది పడుకుండిపోయిందట. దాని బదులు వేరే రెండిటిని ముందుకు మార్చి కడితే అవి జట్టునంతా తిప్పి ఊరివైపు నిలబెట్టాయట. "కాసేపు వాటి మధ్య కూర్చున్నా. ఇంకేం అడగాలో తెలియలేదు" అన్నాడు.

గడ్డి దగ్గరికి తెచ్చి నిలబెట్టి బూటీలు విప్పడం మొదలుపెట్టాడు. మంచు పట్టి వెల్క్రో ఊడి రావడంలేదు. గ్లవ్స్ తీసేసి, నోటితో ఊది కరిగించి ఒక్కొక్కటే లాగుతున్నాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. చెయ్యి వేయడానికి వీల్లేదు. పందెంలో ఉన్న మషర్‌కు బయటివాళ్ళు సాయం చేయకూడదు, అది నిబంధన. పన్నెండో పదమూడో విప్పాక ఆగి, తలెత్తకుండానే "ఆ కాగితం తీసుకురా" అన్నాడు. తెచ్చాను. స్లెడ్ బ్యాగ్ మీద పెట్టి సంతకం చేశాడు. పెన్ను గడ్డకట్టి మొదటిసారి రాయలేదు, చొక్కాలో పెట్టి వేడి చేసి మళ్ళీ రాశాడు. తర్వాత నావైపు చూసి, "ఇప్పుడు నువ్వు సాయం పట్టొచ్చు. ఎడమవైపువి విప్పు" అన్నాడు.

ఆ మనిషిని పట్టుకుని పిరికివాడనాలా?

పందెం చూసేవాళ్ళతో నాకు చాలాకాలంగా ఒక పేచీ ఉంది. ఇప్పుడు ప్రతి స్లెడ్‌కూ జీపీఎస్ ఉంటుంది కాబట్టి ఇంట్లో సోఫాలో కూర్చుని మ్యాపులో చుక్క కదలట్లేదని తిట్టేవాళ్ళు తయారయ్యారు. చుక్క వెనక ఏముందో వాళ్ళకు తెలియదు. ఇంకొందరికి స్క్రాచ్‌కూ విత్‌డ్రాకూ తేడా తెలియదు. స్క్రాచ్ అంటే మషర్ తనంతట తాను తప్పుకోవడం, విత్‌డ్రా అంటే పందెం పెద్ద అధికారి, రేస్ మార్షల్, తప్పించడం. ఈ రెంటినీ కలిపి "అవుట్" అని రాసేస్తే తనకు తానుగా తగ్గిన మనిషికి అన్యాయం చేసినట్టే.

తప్పుకున్నవాళ్ళు చేతకానివాళ్ళా అంటే ఈ పేర్లు చూడండి. 1985లో సూసన్ బుచర్ జట్టు మీద దారిలో ఒక మూస్ (గుర్రమంత పెద్ద దుప్పి) పడి రెండు కుక్కల్ని చంపేసింది, చాలావాటిని గాయపరిచింది. ఆమె తప్పుకుంది. ఆ ఏడాదే లిబ్బీ రిడిల్స్ గెలిచి, ఈ పందెం గెలిచిన మొదటి మహిళ అయింది. బుచర్ మరుసటి ఏడాది వచ్చి 1986, 87, 88లో వరుసగా గెలిచింది, 1990లో మళ్ళీ గెలిచింది. 2014లో జెఫ్ కింగ్, అప్పటికే నాలుగుసార్లు గెలిచినవాడు, అందరికంటే ముందున్నాడు. నోమ్ ఇంకో పాతిక మైళ్ళుందనగా సేఫ్టీ అనే చెక్‌పాయింట్ దగ్గర గాలి ఆయన జట్టును దారిలోంచి తోసేసింది. అక్కడే ఆపేశాడు. 2019లో నికొలస్ పెటీ షాక్టూలిక్ అనే ఊరు దాటి అందరికంటే ముందు పోతుండగా, ఒక కుక్కను గట్టిగా కేకలేశాడు. అంతే, జట్టు మొత్తం కదలనంది. ఆ ఏడాది బెతెల్‌కు చెందిన పీట్ కైజర్ గెలిచాడు.

కాబట్టి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను: తప్పుకునేవాళ్ళలో ఎక్కువమంది తమ ఒళ్ళు అలిసి కాదు, కుక్కల మాట విని తప్పుకుంటారు. మనిషి మొండికేస్తే రెండు రాత్రులు నిద్ర లేకుండా లాగగలడు. వెయ్యి మైళ్ళ దారిలో కుక్కను మాత్రం కొట్టీ తిట్టీ నడిపించలేరు. మాది ఒంగోలు దగ్గర పల్లె. ఎవడైనా పని మధ్యలో వదిలేస్తే "కాడి పడేశాడు" అని తిడతాం. అసలు కాడి పడేసేది ఎద్దు. బండలాగుడు పందెంలో మా తాత జత బండ సగం దూరం లాగి ఒక ఎద్దు మోకాళ్ళ మీద కూలబడితే, చుట్టూ జనం అరుస్తుండగా తాతే వెళ్ళి కాడి విప్పేశాడు. ఆ రోజు ఊరంతా నవ్వారు. నాకు తొమ్మిదేళ్ళు, నేను ఏడ్చాను. తాత ఎందుకు విప్పాడో నాకు ఉనలక్లీట్‌లోనే అర్థమైంది.

ఇంకొకటి. 1925లో నోమ్‌కు డిఫ్తీరియా మందు తీసుకెళ్ళిన కథ చెప్పేటప్పుడు మనవాళ్ళు బాల్టో అనే కుక్క ఒక్కటే అంతా మోసినట్టు చెప్తారు. 674 మైళ్ళ దారిని 20 మంది మషర్లు, దాదాపు 150 కుక్కలు పంచుకున్నాయి. దాదాపు ప్రతివాడూ తన వంతు వరకే పరిగెత్తి, మందును తర్వాతివాడి చేతిలో పెట్టి ఆగిపోయాడు. వాళ్ళలో ఎవరినీ మధ్యలో మానేశారని ఎవరూ అనలేదు.

ఆ పెద్దాయన సంగతి ముగిస్తాను. ఎండ వచ్చాక ఆ ఆడకుక్క లేచి ఒళ్ళు విరుచుకుని, గడ్డకట్టిన సాల్మన్ ముక్క ఒకటి తింది. ఆయన ఇంకోటి నరికి పెట్టాడు, అదీ తింది. మధ్యాహ్నం వాలంటీర్ పైలట్ చిన్న విమానంలో కుక్కల్ని ఎక్కించుకుంటుంటే ఆయన దాన్ని చేతుల మీద ఎత్తి అందించాడు. నా లాగ్‌షీట్‌లో ఆయన వెళ్ళిన టైము మీద గీత కొట్టి పక్కన స్క్రాచ్ అని రాశాను. మిగిలిన కుక్కలు 8, అన్నీ క్షేమం అని కూడా రాశాను. దానికి షీట్‌లో గడి లేదు, అంచున రాశాను.